అడ్డమా, నిలువా?

మా మనవరాలు ఒక గురువారం ఉదయం తొమ్మిదిన్నరకి నన్ను చంపేసింది. నా చావు పుణ్యమా అని ఇరవై రెండు గుండెలు నిలబడ్డాయి.

సరే, కొంచెం ఎక్కువైంది. చంపడమంటే పూర్తిగా చంపడం కాదు. మెట్ల మీద కూలబడి, గోడకి తల ఆనించి, పదకొండు నిమిషాలు ఈ లోకంలో లేను, అంతే. ఆ ఇరవై రెండు గుండెల్లో సగానికి అసలు జబ్బే లేదు, మిగతా సగం నా చావు కోసం ఎదురుచూడకుండా అప్పటికి బాగానే కొట్టుకుంటున్నాయి. అయినా గురువారం గురువారమే, తొమ్మిదిన్నర తొమ్మిదిన్నరే. వాటిని నేను వెనక్కి తీసుకోను.

మనవరాలంటే మా పెద్దమ్మాయి కూతురు. నేను ఉండేది చిన్నమ్మాయి దగ్గర. చిన్నమ్మాయి ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి పదహారేళ్ళయింది. విమానాశ్రయంలో సామాన్ల విభాగంలో పని. ఎవరి పెట్టె ఎక్కడ తప్పిపోయిందో పట్టుకోవడమే ఆమె జీవితం. ఇంట్లో కూడా అంతే, నేను దాచుకున్న మిఠాయి ఏ పుస్తకం వెనక ఉందో ఆమెకి వాసనే చెప్పేస్తుంది. మా మూడో అంతస్తు ఇంట్లో, ఇస్త్రీ బల్ల ఉండే చిన్న గదిలో, మనవరాలు పెద్ద చదువుకని వచ్చి దిగింది. ఇస్త్రీ బల్ల నా గదిలోకి వచ్చింది. ఆ బల్లతో నాకు ఇప్పటికీ పడదు.

ఆమె చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. చిన్నప్పుడు నా చేతి గడియారం విప్పి, మళ్ళీ బిగించింది. ఒక చక్రం మిగిలిపోయింది. ఆ చక్రం లేకుండానే గడియారం ఇంకా బాగా నడిచిందని నేనంటాను. అప్పటినుంచి ఆగిపోయిందని చిన్నమ్మాయి అంటుంది. ఎవరి లోకం వాళ్ళది. మనవరాలు ఇక్కడికి వచ్చింది కూడా గేర్‌బాక్సు చప్పుడు విని లోపల ఏ పన్ను విరిగిందో చెప్పే విద్య నేర్చుకోవడానికే. మొదటి సెమిస్టరు మార్కులు బాగా వచ్చాయి. అంతా సవ్యంగా ఉంది. అదే భయపడవలసిన విషయమని అప్పుడు మాకు తెలియలేదు.

రెండో సెమిస్టరు మొదట్లో ఒక సాయంత్రం వాన పడుతోందని ఏదో భవనంలోకి దూరింది. లోపల ఒక ప్రొఫెసరమ్మ ఉపన్యాసం చెబుతోంది. వాన వెలిసినా మా పిల్ల బయటికి రాలేదు. ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా నా మంచం అంచున కూర్చుంది.

"తాతయ్యా, మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ మూడు వందల కోట్ల అక్షరాలుంటాయి తెలుసా? ఉన్నవి నాలుగే అక్షరాలు, అవే తిప్పి తిప్పి రాసినట్టు. ఒక పాపకి అందులో ఒక్క అక్షరం తేడా పడింది. ఒక్కటి! దాంతో జబ్బు. ఆవిడ వెతికి పట్టుకుంది."

నేను నలభై ఏళ్ళు అచ్చాఫీసులో సీసపు అక్షరాలు ఏరి కూర్చినవాణ్ణి. "మూడు వందల కోట్లకి ఒకటే అచ్చుతప్పా? ఆ కంపోజిటరు ఎవరో గాని చెయ్యి తిరిగినవాడే. మా ఆఫీసులో అయితే పేజీకి పది," అన్నాను.

"జోకు కాదు తాతయ్యా. నేను అది చదువుతాను."

"ఏది?"

"బయోఇన్ఫర్మాటిక్స్. ఆ అక్షరాలు కంప్యూటర్‌తో చదివే చదువు. గేర్లో విరిగిన పన్ను వెతకడం లాంటిదే."

ఆ తర్వాత ఆమె నవ్వడం నేను చాలాకాలం చూడలేదు.

సొంత దేశంలో చదువు మారితే ఇంట్లో నాలుగు తిట్లతో పోతుంది. పరాయి దేశంలో అలా కాదు. పాత విభాగం ఆమెని వదిలేస్తూ ఉత్తరం ఇచ్చింది. కొత్త విభాగం తీసుకుంటూ ఉత్తరం ఇచ్చింది, కానీ షరతు పెట్టింది. ఒక్క సెమిస్టరు గడువు. ఆ ప్రొఫెసరమ్మ దగ్గర ఒక ప్రాజెక్టు చేసి చూపించాలి. కమిటీ కూర్చుని సరే అంటే సీటు నిలుస్తుంది. కాదంటే సీటు పోతుంది. సీటు పోతే వీసా పోతుంది. వీసా పోతే కొన్ని వారాల్లో పెట్టె సర్దుకోవాలి. పాత విభాగంలో ఆమె కుర్చీ అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంటారు పెద్దలు. ఈమె ఒక పడవ పూర్తిగా దిగేసింది, రెండో పడవవాళ్ళు ఒక కాలు మాత్రమే పెట్టనిచ్చారు. ఆ రెండో కాలు ఎక్కడ ఉందో నన్నడగకండి.

షరతు ఉత్తరం ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. నేను మంచినీళ్ళకి వెళ్ళినప్పుడల్లా ఆ ఉత్తరం నన్ను చూసేది. స్నానాల గది అద్దం మీద కణంలోని భాగాల పేర్లు చీటీల మీద రాసి అతికించింది. గడ్డం గీసుకుందామంటే నా మొహానికి బదులు పన్నెండు పేర్లు కనిపించేవి. తోటి పిల్లలందరూ నాలుగేళ్ళు జీవశాస్త్రం చదివి వచ్చినవాళ్ళు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే తనకి సగం అర్థమయ్యేది కాదు. అర్థం కానట్టు కనిపిస్తే ఎక్కడ సీటు పోతుందోనని తల మాత్రం ఊపేది. "ఊపి ఊపి మెడ నొప్పి," అంది ఒకరోజు. నేను నూనె రాశాను.

"అర్థం కాకపోతే అడగొచ్చు కదే," అన్నాను.

"అడిగితే తెలిసిపోతుంది తాతయ్యా."

"ఏం తెలిసిపోతుంది?"

"నాకు తెలీదని."

నిలబడే తినేది. తింటూ ఫోనులో ఉత్తరాలు చూసుకునేది. కలం మూత కొరికి కొరికి దాన్ని మరో జంతువులా తయారుచేసింది. వాళ్ళ పిన్ని ఒకటే మాట అనేది: "దీనికి సీటు దొరికేలోపు నా కలాలన్నీ అయిపోతాయి నాన్నా."

ఆ ప్రాజెక్టు ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఒకసారి ల్యాబు నుంచి ఖాళీ పలక ఒకటి తెచ్చింది. అరచేయంత ప్లాస్టిక్ పలక, గుడ్ల అట్టకి మనవరాలిలా ఉంది. అడ్డంగా పన్నెండు, నిలువుగా ఎనిమిది, మొత్తం తొంభై ఆరు చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి రక్తంలోంచి తీసిన చుక్క పోస్తారు. మొదటి గుంటలో ఉత్త నీళ్ళు. చివరి గుంటలో ముందే తెలిసిన శాంపిల్. మిషను సరిగ్గా చదివిందా లేదా అని చూసుకోవడానికి ఆ రెండూ. మిగతా తొంభై నాలుగూ ఆసుపత్రి పంపిన మనుషులవి. ఆ పలకలు నింపే ఆవిడ ఒకరున్నారు. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఎవరితోనూ మాట్లాడదు, ఎర్ర చెప్పులు వేసుకుంటుంది. ఆవిడ పలక నింపి, ఒకటి నుంచి తొంభై ఆరు దాకా వరస జాబితా ఇస్తుంది. మిషను అక్షరాలు కక్కుతుంది. ఏ గుంట అక్షరాలు ఏ మనిషివో జతపరిచి, గుండె లయ తప్పించే ఆ ఒక్క అక్షరం ఎవరెవరిలో ఉందో తేల్చడం మా పిల్ల పని.

తేల్చింది. పదకొండు మంది. మొదటి గుంట సరిపోయింది, చివరి గుంట సరిపోయింది. ప్రొఫెసరమ్మ చూసి "బాగుంది" అంది. వచ్చే సోమవారం ఆ పదకొండు పేర్లు ఆసుపత్రికి వెళ్తాయి, బుధవారం కమిటీ కూర్చుంటుంది. ఆ వారం మా పిల్ల మొదటిసారి కుర్చీలో కూర్చుని భోంచేసింది.

ఇక నా మాత్రల డబ్బా సంగతి.

నాకు రోజుకి నాలుగు మాత్రలు. ఉదయం బీపీకి, మధ్యాహ్నం షుగర్‌కి, సాయంత్రం ఎముకలకి, రాత్రి నిద్రకి. ఏడు రోజులకీ కలిపి ఇరవై ఎనిమిది గదుల డబ్బా ఒకటి ఉంది. దాని మీద ఒకప్పుడు వారాల పేర్లు ఉండేవి, నా వేళ్ళకి అరిగిపోయాయి. ప్రతి ఆదివారం చిన్నమ్మాయి నింపేది. ఆ వారం ఆమెకి వేరే ఊళ్ళో శిక్షణ ఏదో ఉంది. వెళ్తూ వెళ్తూ, "తాతయ్య మాత్రలు మర్చిపోకే," అని మనవరాలికి అప్పజెప్పింది.

ఇంజనీరు కదా, మామూలుగా నింపుతుందా? కాగితం మీద ఒకటి నుంచి ఇరవై ఎనిమిది దాకా జాబితా రాసింది. సోమవారం ఉదయం, సోమవారం మధ్యాహ్నం, అలా ఆదివారం రాత్రి దాకా. ఒక్కొక్కటి టిక్కు పెట్టుకుంటూ నింపింది. నాలుగు రకాలూ తెల్లగానే ఉంటాయి. ఒకటి కాస్త కోలగా ఉంటుందని తర్వాత చెప్పారు. అంతవరకు నేను వాటి మొహం చూసినవాణ్ణి కాదు. మూత తీయడం, నోట్లో వేసుకోవడం.

సోమవారం మధ్యాహ్నం పేపరు మొహం మీద వేసుకుని సాయంత్రం దాకా పడుకున్నాను. ఆ రాత్రి గబ్బిలంలా మేలుకున్నాను. వయసు మీద పడుతోంది అనుకున్నాను. మంగళవారం సాయంత్రం టీవీలో వార్తలు చెప్పే అమ్మాయి ఇద్దరుగా కనిపించింది. ఇద్దరూ బాగానే ఉన్నారు అనుకున్నాను. గురువారం ఉదయం మాత్ర వేసుకుని, పాల కోసమని బయల్దేరాను. రెండో అంతస్తు మెట్ల దగ్గర నా మోకాళ్ళు నాతో మాటైనా చెప్పకుండా కూర్చున్నాయి. వాటితోపాటు నేనూ కూర్చున్నాను.

వెనకే ల్యాబుకి బయల్దేరిన మనవరాలు అరిచిన అరుపు మాత్రం గుర్తుంది. "తాతయ్యా!" ఆ అరుపుకి నాలుగు తలుపులు తెరుచుకున్నాయని, ఒకాయన సబ్బు నురగతో బయటికి వచ్చాడని నేను చెబుతుంటాను. అది నిజమే కావాలని లేదు.

కింద వీధి మలుపులో క్లినిక్ ఉంది. బీపీ చూశారు, వేలికి సూది గుచ్చారు. అక్కడి నర్సమ్మకి మనవరాలు పైకి పరుగెత్తి తెచ్చిన డబ్బా చూపించింది, అందులో ఏ గది ఏ పూటదని నర్సమ్మ అడిగింది. మేమిద్దరం ఒకేసారి మాట్లాడాం.

"నేను సరిగ్గానే పెట్టాను తాతయ్యా! ఇదిగో, సోమవారం ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, మంగళవారం ఉదయం..." ఆమె వేలు పై వరసలో అడ్డంగా పోతోంది.

"నేనూ సరిగ్గానే మింగాను. ఇదిగో, సోమవారం ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. అయిపోయింది సోమవారం." నా వేలు నిలువుగా కిందికి దిగింది. "మీ పిన్ని ఎప్పుడూ ఇలాగే పెడుతుంది."

రెండు వేళ్ళూ మొదటి గది దగ్గర కలిసే ఉన్నాయి, అక్కణ్ణుంచి విడిపోయాయి. గురువారం ఉదయం అనుకుని నేను మింగింది సోమవారం రాత్రి నిద్రమాత్ర. నర్సమ్మ పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, నిద్రమత్తులో కాస్త ఆలస్యంగా. మనవరాలు నవ్వలేదు. ఆమె వేలు డబ్బా మీద నెమ్మదిగా జరిగి, చివరి గది మీద ఆగింది.

"ఆదివారం రాత్రి," అంది తనలో తాను. "ఇదీ సరిపోతుంది. మొదటిది సరిపోతుంది, చివరిది సరిపోతుంది."

"మధ్యలోనే మనిషి పోతాడు," అన్నాను నేను.

ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు. నన్ను వదిలి నర్సమ్మ ఆమెకి నీళ్ళిచ్చింది.

ఇంటికి వచ్చాం. నన్ను సోఫాలో పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టి, అప్పుడు చెప్పింది.

"తాతయ్యా, ఆవిడ పలక అడ్డంగా నింపుతుందా, నిలువుగా నింపుతుందా, నేను అడగలేదు."

"జాబితాలో ఉంటుందిగా?"

"ఒకటి, రెండు, మూడు అని ఉంటుంది. ఎటు వెళ్ళాలో ఉండదు. నేను పుస్తకం చదివినట్టు అడ్డంగా చదివాను. మొదటి గుంటా చివరి గుంటా సరిపోయాయి కదా అని..."

"ఇప్పుడు అడుగు."

"సోమవారం పేర్లు వెళ్ళిపోతాయి, బుధవారం కమిటీ. ఇప్పుడెళ్ళి అడిగితే 'ఇన్నాళ్ళూ తెలీకుండానే చేశావా?' అనరూ?"

అడిగితే పరువు, అడగకపోతే పదకొండు మంది. ఆమె కాసేపు వంటింట్లో అటూ ఇటూ తిరిగింది. తర్వాత ఠక్కున ఆగి కంప్యూటరు తెరిచింది. ఎవర్నీ అడగకుండా తేల్చుకునే దారి ఒకటి తట్టింది. మగవాళ్ళ శాంపిల్లో 'వై' అని ఒక ముక్క ఉంటుందట, ఆడవాళ్ళలో ఉండదట. ఆసుపత్రి జాబితాలో ఎవరు ఆడ, ఎవరు మగ అని రాసే ఉంది. రెండూ సరిపోతే వరస సరైనది, లేకపోతే కాదు.

నేను సోఫాలోంచి ఆమె వీపు చూస్తూ పడుకున్నాను. కలం మూత చప్పుడు ఆగింది. గోడ గడియారం మాత్రం వినిపిస్తోంది.

"అడ్డంగా చదివితే నలభై అయిదు తప్పులు," అంది.

"అంటే నలభై అయిదు మంది ఆడవాళ్ళకి మీసాలొచ్చాయా?"

"తాతయ్యా, ప్లీజ్." మళ్ళీ మీటలు నొక్కింది. నేనే అడిగాను.

"నిలువుగా చదివితే?"

"ఒక్కటీ తప్పు లేదు. తొంభై నాలుగుకి తొంభై నాలుగు." తల బల్ల మీద పెట్టేసింది. "పదకొండు పేర్లూ తప్పే తాతయ్యా. ఒక్కరు కూడా వాళ్ళు కారు. జబ్బు లేని పదకొండు మందిని పిలిచి భయపెడతారు. జబ్బున్న పదకొండు మందికి ఏం లేదు, హాయిగా ఉండండి అని చెబుతారు."

మా అచ్చాఫీసులో ఒకసారి ఒక నవల పేజీలు తారుమారై అచ్చయింది. మొదటి పేజీ, చివరి పేజీ మాత్రం సరిగ్గా ఉన్నాయి. పత్రికలవాళ్ళు ఆ రెండూ చదివి, కథనం కొత్త పుంతలు తొక్కిందని రాశారు. రచయిత కూడా నోరెత్తలేదు. ఆ కథ చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాను. ఆ పిల్ల తల ఇంకా బల్ల మీదే ఉంది.

తాతననిపించుకోవాలి కదా, సలహా ఇచ్చాను. మంచి సలహా కాదు.

"ఇప్పుడు సరైనది తెలిసిపోయిందిగా. నోరు మూసుకుని పేర్లు మార్చెయ్. 'సవరించిన ప్రతి' అని రాసి పంపెయ్. జబ్బున్నవాళ్ళకి వైద్యం అందుతుంది, నీ సీటు నీకుంటుంది. ఎవరికి నష్టం?"

ఆమె తలెత్తింది. అదే ఆలోచన ఆమెకీ వచ్చిందని ఆ కళ్ళలోనే తెలిసింది.

"నువ్వు సిస్టర్ల బడిలో చదివావు కదా. ఇదేనా వాళ్ళు నేర్పింది?"

"మా పెద్ద సిస్టరు దగ్గర ఒక పద్ధతి ఉండేది. తప్పు దొరికాక ఒప్పుకుంటే ఆరు బెత్తం దెబ్బలు, ముందే ఒప్పుకుంటే మూడు. నేను చేయనివన్నీ ముందే ఒప్పుకునేవాణ్ణి. ప్రార్థన గంట పగలగొట్టింది నేనేనని కూడా ఒప్పుకున్నాను. అది పగిలింది నేను పుట్టకముందు."

"చేసినవి?"

"చేసినవి ఎప్పుడైనా ఒప్పుకున్నానని చెప్పానా?"

కోపం వచ్చినప్పుడు ఆమెకి ముక్కు మీద చిన్న గీత పడుతుంది. అది పడింది.

"మరి పిన్నికి ఏం చెబుతావు? మెట్ల మీద ఎలా పడ్డావని?"

"కాలు జారిందని చెబుదాం. పాపం, నిన్నెందుకు తిట్టించడం."

"అప్పుడు ఏమవుతుంది? డబ్బా మీద పేర్లు ఎవరూ రాయరు. నేను వెళ్ళిపోయాక ఇంకెవరో వచ్చి అడ్డంగా నింపుతారు. నువ్వు మళ్ళీ నిలువుగా మింగుతావు." చెబుతూ చెబుతూ ఆగింది. తన మాట తనకే తగిలింది. "ల్యాబులో నా తర్వాత వచ్చేవాళ్ళు కూడా అడ్డంగానే చదువుతారు తాతయ్యా. వాళ్ళకి నిద్రమాత్ర మింగే తాత ఉండడు."

వాళ్ళ పిన్నికి అప్పుడే ఫోను చేసి మొత్తం చెప్పేసింది. తిట్లు నాక్కూడా వినిపించాయి. సగం నావే.

శుక్రవారం ఉదయం నేనూ వెంట వెళ్ళాను. "నువ్వెందుకు?" అంది. "నీ తప్పుకి సాక్ష్యం నేనే కదా," అన్నాను. బస్సులో ఆమె నా పక్కనే కూర్చుంది. ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటోంది, పెదాలు కదులుతున్నాయి. ల్యాబు రెండో అంతస్తులో. వరండాలో వరసగా తెల్లకోట్లు, 'తెరవకండి' అని రాసిన పెద్ద ఫ్రిజ్‌లు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ నాది.

అద్దాల తలుపులోంచి చూశాను, మాటలు వినపడవు. లోపలివాళ్ళు ఏమన్నారో తర్వాత మనవరాలు చెప్పింది. ఆమె చెప్పనిది నేను కలిపాను. ఆమె నిలబడే మాట్లాడింది. చేతులు వెనక కట్టుకుంది, ఒక చేతి వేళ్ళు రెండో చేతిని నలిపేస్తున్నాయి. ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఈలోపు నేను వరండాలోని గచ్చుపలకలు లెక్కపెట్టాను. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా.

అప్పుడు ఎర్రచెప్పుల ఆవిడని పిలిచారు. ఆవిడ నా పక్కనుంచే వెళ్ళింది. లోపలికి వెళ్ళి, విషయం విని, మళ్ళీ బయటికి వచ్చి, ఒక పరికరం పట్టుకుని వెళ్ళింది. దువ్వెనలా ఉంది, కిందికి ఎనిమిది మొనలు. ఒక్క నొక్కుకి ఎనిమిది చుక్కలు పడతాయి. నిలువు వరసకి గుంటలు సరిగ్గా ఎనిమిది.

"ఇది అడ్డంగా ఎలా పడుతుందమ్మా?" అందట ఆవిడ. "ఇరవై ఏళ్ళుగా నిలువే. ఎవరూ అడగలేదు."

"నేను అడగాల్సింది," అందట మా పిల్ల.

"నేను రాయాల్సింది," అందట ఆవిడ. ఇరవై ఏళ్ళలో ఆవిడ అంత పొడుగు సంభాషణ చేయడం అదే మొదలట.

ప్రొఫెసరమ్మ మాత్రం మెచ్చుకోలేదు, తిట్టలేదు. "ఆసుపత్రికి సోమవారం ఏమీ వెళ్ళదు. ఇంతకుముందు చేసిన పలకలు అయిదున్నాయి. వాటిని ఎవరు ఎటు చదివారో నాకు తెలియదు. ఆ ఆడా మగా పరీక్ష అన్నిటికీ చెయ్యి. కమిటీకి జరిగింది జరిగినట్టు చెబుతాను. వాళ్ళేమంటారో నా చేతిలో లేదు," అంది.

శని, ఆది మనవరాలు ఆ పరీక్షతోనే గడిపింది. చిన్నమ్మాయి తిరిగి వచ్చి, ముందు నన్ను తిట్టి, తర్వాత మనవరాలి ముందు కొత్త కలాల పెట్టె పెట్టింది. అయిదు పలకల్లో నాలుగు సరిగ్గా ఉన్నాయి. రెండేళ్ళ కిందటిది ఒకటి అడ్డంగా చదివారు. అది చదివింది స్వయంగా ప్రొఫెసరమ్మేనని నేనంటాను. మనవరాలు మాత్రం ఆ పేరు ఎప్పుడూ బయటపెట్టలేదు, అందుకే నాకు అనుమానం.

బుధవారం కమిటీ పదకొండింటికి కూర్చుంది. ఈమె పెట్టె అటక మీంచి కిందికి దించి పెట్టుకుంది. "దిష్టి తీయడానికా?" అన్నాను. "ఒకవేళ వెళ్ళాల్సొస్తే కంగారు పడకూడదని," అంది. పన్నెండు, ఒకటి, రెండు. ఫోను బోర్లా పెడుతుంది, తిప్పి చూస్తుంది, మళ్ళీ బోర్లా పెడుతుంది. మూడుంబావుకి మోగింది. ఉత్తరం నాలుగుసార్లు చదివి నా చేతికిచ్చింది.

ప్రాజెక్టు మళ్ళీ చేయాలి. పలక చదివే ప్రతివాళ్ళూ ముందు ఆడా మగా పరీక్ష చేసేలా ఒక పద్ధతి రాసి ఇవ్వాలి. షరతు గడువు ఇంకో సెమిస్టరు పొడిగించడమైనది.

"ఇది మంచా చెడా తాతయ్యా? నాకు అర్థం కావట్లేదు."

"ఉరి తీయలేదు, తాడూ విప్పలేదు," అన్నాను. "ఇంకో ఆర్నెల్లు భయపడుతూ ఉండటానికి అనుమతి ఇచ్చారు."

అప్పుడు నవ్వింది. వాన వెలిసిన రోజునుంచి దాచుకున్నదంతా నవ్వింది, మధ్యలో ఏడ్చింది కూడా, ఏది ఎక్కడ మొదలైందో తెలియలేదు. పెట్టె మళ్ళీ అటకెక్కలేదు. ఆర్నెల్లు అక్కడే గుమ్మం పక్కన కూర్చుంది. నేను దాని మీద కాలు పెట్టుకుని పేపరు చదివేవాణ్ణి.

ఆర్నెల్ల తర్వాత సీటు నిలిచింది. ఇప్పుడు ఆమె ఒక ఆసుపత్రి నేలమాళిగలో, కిటికీ లేని గదిలో, అలాంటి పలకలే చదువుతుంది. అక్కడ అందరూ ఆమెని 'అడ్డమా-నిలువా' అని పిలుస్తారు. ఎవరు ఏ పలక తెచ్చినా, పలకరింపు కూడా లేకుండా ముందు ఆ ముక్కే అడుగుతుంది కనక. భయం పోయిందా అంటే పోలేదు. గ్యాసు కట్టేశామా లేదా అని రెండు అంతస్తులు దిగాక మళ్ళీ ఎక్కి వస్తుంది. కానీ తెలియనిది తెలియదని అడగడానికి మాత్రం ఇప్పుడు భయపడదు. నన్ను కూడా అడుగుతుంది. అదొక్కటే నాకు ఇబ్బంది, నాకూ తెలియదు కనక.

ఇదంతా రాసి, తప్పులుంటే దిద్దమని ఆమెకే ఇచ్చాను. వంటింటి బల్ల దగ్గర నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివింది. కాగితాలు సరిచేసి, బల్ల మీద పెట్టి, నా మధ్యాహ్నం మాత్ర అరచేతిలో వేసి, గ్లాసు అందించింది.

"ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు," అంది. "నువ్వు ఏ మెట్ల మీదా పడలేదు. నేను గేర్లూ చదవలేదు, పలకలూ చదవలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. ఎర్రచెప్పుల ఆవిడ లేనే లేదు. అసలు నీకు మాత్రలే లేవు. బీపీ లేదు, షుగర్ లేదు. ఉన్నదల్లా నోరే."